ఊరి మ్యూజియంలో ఒక పూట: ఇంటిల్లిపాదీ కలిసి చూడటానికి సమగ్ర మార్గదర్శి

పిల్లలతో మొదటిసారి ఒక ప్రాంతీయ మ్యూజియానికి వెళ్లినప్పుడు నేను చేసిన పొరపాటు ఒక్కటే. కొన్న టికెట్‌కు పూర్తి న్యాయం చేయాలనుకున్నాను. మొత్తం పదకొండు గదులు, ఒక్కటీ వదల్లేదు. నాలుగో గదికల్లా చిన్నవాడు నేల మీద చతికిలబడ్డాడు. ఆరో గదిలో మేమిద్దరం గొంతు తగ్గించుకుని మరీ పోట్లాడుకున్నాం. ఇంటికొచ్చాక పెద్దదాన్ని "ఏం నచ్చింది తల్లీ?" అని అడిగితే "లిఫ్ట్" అంది.

ఆ తర్వాత చాలాసార్లు వెళ్లాం. అదే మ్యూజియానికీ వెళ్లాం, వేరేవాటికీ వెళ్లాం. ఇప్పుడు ఒక పూటకు ఆరేడు వస్తువులకు మించి చూడం. కానీ వాటి గురించి నెల తర్వాత కూడా భోజనాల దగ్గర మాట వస్తూనే ఉంటుంది.

పెద్ద పెద్ద జాతీయ మ్యూజియంలలో ప్రపంచం నలుమూలల నుంచీ తెచ్చిన వస్తువులుంటాయి. ప్రాంతీయ మ్యూజియంలో ఉండేవి ఎక్కువగా ఆ ఒక్క ప్రాంతానివే. ఒక పక్క అక్కడి రాళ్లు, శిలాజాలు, పక్షులు, పురుగులు. ఇంకో పక్క అక్కడి మనుషుల పనిముట్లు, కుండలు, ఫొటోలు, ఉత్తరాలు. మనం ఈ రెంటినీ ఒకదానితో ఒకటి సంబంధం లేనివాటిలా చూసేస్తాం. జంతువులు పిల్లలకు, పాత సామాన్లు పెద్దవాళ్లకు అని పంచేసుకుంటాం కూడా. నిజానికి అక్కడున్నది ఒకటే కథ. ఆ నేల ఎలాంటిదో, ఆ నేలను బట్టి మనుషులు ఎలా బతికారో చెప్పే కథ. ఈ రెంటికీ ఉన్న ముడి ఒక్కసారి పిల్లల చేతికి చిక్కిందంటే, ఆ తర్వాత వాళ్లను లాక్కుపోవాల్సిన పని మనకు ఉండదు. కింద చెప్పేదంతా ఆ ముడి కోసమే.

మొదటి అడుగు: బయల్దేరే ముందు ఫోన్ చేయండి

చిన్న మ్యూజియంలలో సిబ్బంది తక్కువ. వెబ్‌సైట్ చూసుకునే మనిషే టికెట్లు ఇవ్వాలి, స్కూలు పిల్లలకు గదులు తిప్పి చూపించాలి. అందుకని వెబ్‌సైట్‌లో ఉన్న వేళలు నిరుడివి కావచ్చు. ఒకసారి మేం రెండు గంటలు ప్రయాణం చేసి వెళ్తే గేటుకు తాళం, తాళం పక్కన చేత్తో రాసిన కాగితం. అప్పటి నుంచి ఫోన్ చేయకుండా కదలడం లేదు.

ఫోన్‌లో ముందు సెలవు రోజు అడగండి. చాలాచోట్ల అది సోమవారం. ఆ తర్వాత లోపలికి పంపే చివరి సమయం అడగండి. మూసే వేళా, చివరి ప్రవేశం వేళా ఒకటి కావు. మరమ్మతుల కోసం మూసిన గదులున్నాయా, స్కూలు బస్సులు ఏ రోజు వస్తున్నాయి, వీల్‌చైర్ దొరుకుతుందా, ఫొటోలు తీయనిస్తారా, వెంట తెచ్చుకున్నది తినడానికి చోటుందా, ఇవన్నీ రెండు నిమిషాల మాటలు. ఇంకొక్క ప్రశ్న కూడా అడిగితే మంచిది: "ఆ రోజు క్యూరేటర్ గానీ గైడ్ గానీ ఉంటారా?" చిన్న మ్యూజియంలో ఆ వస్తువులను సేకరించిన మనిషితోనే మాట్లాడే అవకాశం ఉంటుంది. పెద్దవాటిలో అది దొరకదు.

తెరిచే వేళకే వెళ్లండి. మధ్యాహ్నం కడుపునిండా తిని వెళ్తే చీకటి గదులూ ఏసీ కలిసి జోల పాడేస్తాయి.

రెండో అడుగు: ఎవరికి ఏ పని

ఐదేళ్ల లోపు పిల్లలుంటే లోపల గంటకు మించి లెక్క వేసుకోకండి. ఏడెనిమిదేళ్ల వాళ్లయితే మధ్యలో విరామమిచ్చి రెండు గంటలు. టీనేజీ పిల్లల సంగతి వేరు. వాళ్లను వదిలేసి గంట తర్వాత ఫలానా చోట కలుద్దామంటేనే వాళ్లు ఏదైనా చూస్తారు. మనం పక్కనే నిలబడి వివరిస్తే చూడరు, ఇది నా అనుభవం.

ఒక్కొక్కరికీ ఒక పని అప్పజెప్పండి. మ్యాపు ఒకరిది, గడియారం ఒకరిది. చదవడం వచ్చిన పిల్ల లేబుళ్లు పైకి చదవాలి. తాతయ్యో అమ్మమ్మో వస్తుంటే వాళ్లను కుర్చీలో కూర్చోబెట్టి వెళ్లిపోకండి, రెండో సగంలో, అంటే మనుషుల వస్తువులున్న గదుల్లో, అసలు గైడ్లు వాళ్లే. ఆ సంగతి ముందే చెప్పి ఉంచితే మోకాళ్ల నొప్పులు కూడా కాస్త తగ్గుతాయి.

మూడో అడుగు: సంచిలో ఏముండాలి

పెన్ను వద్దు, పెన్సిల్ తీసుకెళ్లండి. సిరా మరక పడితే పోదని చాలా మ్యూజియంలలో గ్యాలరీల్లోకి పెన్సిల్‌నే అనుమతిస్తారు. గీతల్లేని చిన్న నోట్‌బుక్, భూతద్దం, ఏసీ చలికి ఆగలేనివాళ్లకు ఒక స్వెటర్. వీపుకు తగిలించుకునే బ్యాగును లోపల ముందు వైపుకు వేసుకోండి. వెనక్కి తిరిగితే ఏం తగులుతుందో మనకు కనబడదు.

వీటితో పాటు ఇంట్లోనే ఒక దారం తయారు చేసుకోండి. నేను చెప్పేవాటిలో అన్నిటికంటే పనికొచ్చేది ఇదే. పొడవు సరిగ్గా 4 మీటర్ల 60 సెంటీమీటర్లు. భూమి వయసు సుమారు 460 కోట్ల సంవత్సరాలు, అంటే దారంలో ఒక సెంటీమీటరు ఒక కోటి ఏళ్లు. ఒక కొసకు "ఈ రోజు" అని చీటీ కట్టండి. అక్కడి నుంచి వెనక్కి కొలుచుకుంటూ 6.6 సెంటీమీటర్ల దగ్గర ఒక ముడి వేయండి. డైనోసార్లు అంతరించింది అక్కడ (పక్షులు వాటి వారసులే కాబట్టి పూర్తిగా పోలేదనుకోండి). 23 సెంటీమీటర్ల దగ్గర ఇంకొకటి, అవి మొదటిసారి కనబడిన కాలానికి. 52 దగ్గర ట్రైలోబైట్లకు, అంటే పాత సముద్రాల్లో పాకిన, నిలువునా మూడు పాయలుగా కనిపించే పెంకు జీవులకు. 350 దగ్గర, మనకు దొరికిన అత్యంత పాత జీవుల ఆనవాళ్లకు. ముడులు వేసే పని పిల్లలకే ఇవ్వండి. అవతలి కొస చాలాసేపు ఖాళీగా ఉండిపోవడం వాళ్లే గమనిస్తారు.

నాలుగో అడుగు: గుమ్మం దగ్గర పది నిమిషాలు

లోపలికి వెళ్లగానే ముందు టాయిలెట్, తర్వాత మ్యాపు. తప్పిపోతే ఎక్కడ నిలబడాలో పిల్లలకు వేలు పెట్టి చూపించండి. యూనిఫారంలో ఉన్నవాళ్ల దగ్గరకే వెళ్లాలని చెప్పండి.

ఆ యూనిఫారంలో ఉన్న గార్డునే అడగండి, "మీకు ఇక్కడ ఏది ఇష్టమండీ?" అని. రోజూ ఎనిమిది గంటలు ఆ వస్తువుల మధ్య నిలబడే మనిషి ఆయన. ఏ గుడ్లగూబ ముందు పిల్లలు ఎక్కువసేపు ఆగుతారో, ఏ పెట్టె వెనక వైపు నుంచి చూస్తే బాగుంటుందో మ్యాపు వేసినవాళ్లకంటే ఆయనకే బాగా తెలుసు. మాకు ఒకసారి ఒకాయన నక్కను వెనక నుంచి చూడమన్నారు. కడుపు కింద కుట్లు కనిపించాయి. పిల్లలకు ఆ రోజు హీరో ఆయనే.

చాలా ప్రాంతీయ మ్యూజియంలలో మొదట్లోనే ఆ ప్రాంతపు ఎత్తుపల్లాల నమూనా ఒకటి ఉంటుంది. జనం దాన్ని పట్టించుకోకుండా ముందుకెళ్లిపోతారు. మీరు ఆగండి. నీళ్లు ఎటు నుంచి ఎటు పారుతున్నాయి? ఊళ్లు ఎక్కడ గుంపుగా ఉన్నాయి, ఎక్కడ అసలే లేవు? రోడ్డు కొండను ఎందుకు చుట్టి వెళ్తోంది? జవాబులు ఇప్పుడే చెప్పొద్దు. రెండో సగంలో అవే దొరుకుతాయి.

ఐదో అడుగు: రాళ్ల గదిలో దారం విప్పడం

రాళ్ల గది ఎప్పుడూ ఖాళీగానే ఉంటుంది. దారం పరచడానికి అంతకంటే మంచి చోటు దొరకదు. ఎవరికీ అడ్డం రాకుండా గోడ వెంబడి పరచండి, లేదా ఇద్దరు పిల్లలను చెరో కొస పట్టుకోమనండి. ఇప్పుడు ఒక్కో శిలాజం దగ్గరకు వెళ్లి లేబుల్ మీద వయసు చూసి దారం మీద దాని చోటు వెతకాలి. వయసు మిలియన్లలో రాసి ఉంటే పదితో భాగించండి, అన్ని సెంటీమీటర్లు. 150 మిలియన్లంటే 15 సెంటీమీటర్లు. మన జాతి మనుషుల వయసు సుమారు 3 లక్షల ఏళ్లు, అంటే 0.3 మిల్లీమీటర్లు. దారం కొసన ఒక్క పోగు. పక్క విభాగంలో ఉన్న చరిత్ర మొత్తం ఆ పోగులో ఇమిడిపోతుంది. ఈ మాట వినగానే మా పెద్దది ఆ కొసను కంటి దగ్గర పెట్టుకుని చాలాసేపు చూసింది.

మీరు వెళ్లిన మ్యూజియంలో డైనోసార్ లేకపోవచ్చు. పిల్లలు నిరాశపడతారు. అప్పుడు "ఎందుకు లేదు?" అని అడగండి. ఆ కాలపు రాయి ఆ ప్రాంతంలో ఏర్పడకపోయి ఉండొచ్చు, ఏర్పడినా గాలికీ వానకూ అరిగిపోయి ఉండొచ్చు. అప్పట్లో అక్కడ సముద్రం ఉండి ఉండొచ్చు కూడా. అలాంటి చోట గవ్వలూ చేపలే దొరుకుతాయి. ఏం దొరకలేదన్నది కూడా ఆ నేల గురించి ఎంతో చెబుతుంది.

ఒకవేళ పెద్ద అస్థిపంజరం ఉంటే అది అసలుదా, అచ్చు పోసినదా అని లేబుల్‌లో చూడండి. అచ్చు అయితే మోసపోయామనుకోకండి. లండన్‌లో 1905లో పెట్టిన ప్రసిద్ధ డిప్లోడోకస్ అనే డైనోసార్ అస్థిపంజరం ప్లాస్టర్ అచ్చే. షికాగో ఫీల్డ్ మ్యూజియంలోని "సూ" అనే టైరనోసారస్‌లో ఎముకలు చాలావరకు అసలువే గానీ, తల మాత్రం నకలు. అసలు తల అంత ఎత్తులో నిలబెట్టలేనంత బరువు, అందుకని పక్కన వేరే పెట్టెలో ఉంచారు.

శాస్త్రవేత్తలు కూడా తప్పు చేస్తారని పిల్లలకు చెప్పడానికి ఇగ్వానోడాన్ అనే డైనోసార్ కథ బాగుంటుంది. 1825లో గిడియన్ మాంటెల్ అనే బ్రిటిష్ వైద్యుడు ఈ జంతువును లోకానికి పరిచయం చేశాడు. విడిగా దొరికిన ఒక మొనదేలిన ఎముకను తర్వాత దాని ముక్కు మీద కొమ్ముగా ఊహించాడు. 1878లో బెల్జియంలోని బెర్నిసార్ బొగ్గుగనిలో అస్థిపంజరాలు గుంపుగా దొరికాక అసలు సంగతి బయటపడింది. అది కొమ్ము కాదు, బొటనవేలు! 1854 నాటి విగ్రహాలు లండన్ క్రిస్టల్ ప్యాలెస్ పార్కులో ముక్కు మీద కొమ్ముతో ఇంకా నిలబడే ఉన్నాయి. అసలైన నవ్వు కావాలంటే కోప్రోలైట్ ఉందేమో వెతకండి. అది రాయిగా మారిన పేడ. ఆ పేరు పెట్టింది 1829లో విలియం బక్లండ్ అనే బ్రిటిష్ భూగర్భ శాస్త్రవేత్త. పిల్లలు ఈ ఒక్క ముక్కా జన్మలో మర్చిపోరు.

గది వదిలే ముందు ఒక పని చేయండి. ఆ ప్రాంతంలో ఎక్కువగా దొరికే రాయి ఏదో చూసి, దాని రంగు, గరుకుదనం నోట్‌బుక్‌లో రాసుకోండి. బంకమట్టి అయితే ముందు ముందు కుండలూ ఇటుకలూ కనిపిస్తాయి. సున్నపురాయి అయితే సున్నపు బట్టీలు, గుహలు. గరుకైన ఇసుకరాయి అయితే కత్తులు నూరే సానరాళ్లు. చెకుముకిరాయి అయితే, రాతియుగపు పదునైన పనిముట్లు. ఈ రాసుకున్నది చేతిలో పెట్టుకుని రెండో సగంలో వెతకాలి. పిల్లలకు ఇదొక నిధి వేట.

ఆరో అడుగు: జంతువుల గది

తలుపు దాటగానే మొదటి ప్రశ్న ఖాయం. "ఇది నిజమైనదేనా?" రెండోది దాని వెనకే వస్తుంది. "మరి చంపేశారా?"

దాటవేయకండి. తోలు, ఈకలు, గిట్టలు నిజమైనవి. కళ్లు గాజువి. లోపల మాంసం ఉండదు, ఎముకలూ చాలావరకు ఉండవు, జంతువు ఆకారంలో చేసిన ఒక నమూనా ఉంటుంది, దాని మీద తోలు తొడుగుతారు. పాతవాటిలో చాలావరకు వేటాడి తెచ్చినవే. ఇప్పుడు చాలా మ్యూజియంలు రోడ్డు ప్రమాదాల్లోనో జూలలోనో చనిపోయినవాటినే తీసుకుంటున్నాయి. ఇలా చెబితే పిల్లలు కాస్త బాధపడతారు, తర్వాత ఇంకా దగ్గరకెళ్లి చూస్తారు. మా చిన్నవాడు "నొప్పి తెలిసిందా?" అని అడిగాడు. తెలిసే ఉంటుంది అన్నాను. కాసేపు మాట్లాడలేదు.

ముట్టుకోవద్దని చెప్పేటప్పుడు కారణం కూడా చెప్పండి. పాత కాలపు స్టఫింగ్‌లో తోలుకు పురుగు పట్టకుండా ఆర్సెనిక్ పూసేవాళ్లు, అది విషం. బిస్కెట్లు తినవద్దనడానికీ ఇలాంటి కారణమే ఉంది. ఆంత్రీనస్ అనే బుల్లి పేడపురుగు లాంటిది ఒకటుంది, మ్యూజియం బీటిల్ అంటారు. దాని పిల్లపురుగులు ఎండిన తోలు, ఈకలు, ఉన్ని తిని బతుకుతాయి. తిండి ముక్కలు రాలితే పురుగులు చేరతాయి, చేరినవి ఎక్కడ ఆగుతాయో చెప్పలేం. "రూల్ అంటే రూల్" అనడం కంటే "నువ్వు రాల్చిన ముక్క వల్ల ఈ గుడ్లగూబను పురుగులు తినేయొచ్చు" అనడం ఎక్కువ పని చేస్తుంది.

ఇక చూడటం. గదంతా తిరగకండి. ఒక అస్థిపంజరం, ఒక స్టఫ్ చేసిన జంతువు, ఒక డయోరమా చాలు.

గుర్రానిదో ఆవుదో అస్థిపంజరం ఉంటే "మోకాలు ఎక్కడుంది?" అని అడగండి. అందరూ ముందు కాలి మధ్య మడతే చూపిస్తారు. అది మన మణికట్టుకు సమానమైన చోటు. గుర్రం నిలబడేది ఒక్కో కాలికి ఒక్కో వేలి గోటి మీద. పిల్లలను కాలి మునివేళ్ల మీద నిలబడి నడవమనండి, అర్థమైపోతుంది. మెడ ఎముకలు లెక్కపెట్టించండి: మనిషికి ఏడు, జిరాఫీకీ ఏడే. గబ్బిలం రెక్కలో మన చేతివేళ్లే సాగి కనిపిస్తాయి. పుర్రెల్లో కళ్లు ముందుకు చూస్తున్నాయా పక్కలకా అని చూస్తే వేటాడేది ఏదో పారిపోయేది ఏదో చాలావరకు పట్టేయొచ్చు. పళ్లు చూస్తే ఏం తిన్నదో తెలుస్తుంది. ఈ ఆటకు లేబుల్ అవసరమే లేదు.

డయోరమా అంటే, వెనక రంగుల తెర, ముందు నిజమైనట్టున్న మట్టీ గడ్డీ, మధ్యలో జంతువు. ఈ పద్ధతికి పేరు తెచ్చిన కార్ల్ ఏక్లీ 1890లో అమెరికాలోని మిల్వాకీ పబ్లిక్ మ్యూజియంలో చేసిన నీటి ఎలుకల డయోరమా ఇప్పటికీ ఉంది. నిజమైన నేల ఎక్కడ ఆగి బొమ్మ ఎక్కడ మొదలైందో ఆ అతుకు కనిపెట్టమని పిల్లలతో పందెం కాయండి. నీడలు ఎటు పడుతున్నాయి? అది ఏ వేళ, ఏ రుతువు? నేల మీద అడుగుజాడలు ఉన్నాయా? చేసినవాళ్లు మనకు మొదటి చూపులో కనబడని పురుగునో పక్షిగూడునో తరచూ ఎక్కడో ఒక మూల దాచి పెడతారు.

చిన్న అక్షరాల లేబుల్‌ను వదలకండి. జంతువు పేరు ఎవరైనా చెబుతారు. దొరికిన చోటు, దొరికిన తేదీ, తెచ్చిన మనిషి పేరు ఎక్కడున్నాయో చూడండి. ఆ మూడూ లేని నమూనా శాస్త్రానికి పెద్దగా అక్కరకు రాదు. ఎందుకో చెప్పడానికి నేను గుడ్ల కథ చెబుతాను. 1967లో డెరెక్ రాట్‌క్లిఫ్ అనే బ్రిటిష్ శాస్త్రవేత్త, సేకరణల్లో ఉన్న పాత డేగ గుడ్ల పెంకులను కొత్తవాటితో పోల్చాడు. 1940ల చివరి నుంచి పెంకులు పలచబడ్డాయని తేలింది. ఆ తర్వాతి పరిశోధనల్లో కారణం డీడీటీ పురుగుమందు అని రుజువైంది. ఎప్పుడో ఎవరో సరదాకు గుడ్లు పోగు చేసి తేదీ రాసి పెట్టారు కాబట్టే ఆ పోలిక సాధ్యమైంది. తేదీ రాయకపోతే అవి ఖాళీ పెంకులే.

అంతరించిన జాతి ఏదైనా ఉంటే దాని ముందు కొంచెం ఎక్కువసేపు ఆగండి. ఉత్తర అమెరికాలో ఉండే ప్యాసెంజర్ పావురాల్లో ఆఖరిది మార్తా. అది సిన్సినాటి జూలో చనిపోయిన తేదీ 1914 సెప్టెంబరు 1. ఒక జాతి మొత్తం ఫలానా రోజున ముగిసిపోయిందని ఇంత కచ్చితంగా చెప్పగలగడం అరుదు. తేదీతో సహా చెబితే "అంతరించడం" అన్న మాటకు పిల్లల్లో ఒక ఆకారం వస్తుంది.

ఏడో అడుగు: కూర్చోండి

ఇప్పటికి గంట దాటి ఉంటుంది. కాళ్లు లాగుతున్నాయంటే మీ తప్పు కాదు. బోస్టన్ ఫైన్ ఆర్ట్స్ మ్యూజియంలో పనిచేసిన బెంజమిన్ గిల్మన్ 1916లోనే "మ్యూజియం అలసట" గురించి వ్యాసం రాశాడు. పెట్టెల్లోని వస్తువులూ లేబుళ్లూ చూడటానికి ఒక మనిషి ఎన్ని వంకర్లు తిరగాలో ఫొటోలు తీసి మరీ చూపించాడు. వంగడం, నిక్కడం, ఆగి ఆగి నడవడం మామూలు నడక కంటే ఎక్కువ అలసట తెస్తాయి.

పిల్లలు గోడకు ఆనుకోవడం మొదలుపెట్టినా, ప్రతిదానికీ "ఊఁ" అంటున్నా బయటికి వెళ్లిపోండి. నీళ్లు తాగి, ఏదైనా తిని, పరుగెత్తనివ్వండి. తిరిగి లోపలికి రానిస్తారా అని టికెట్ దగ్గర ముందే అడిగి ఉండాలి. రెండో సగం ఇంకో రోజుకు వాయిదా వేసినా నష్టమేమీ లేదు.

ఎనిమిదో అడుగు: మనుషుల గది

ఇప్పుడు గైడ్లు మారాలి. పిల్లలు వెనక్కి, తాతయ్య, అమ్మమ్మ ముందుకు.

పాత ఇంటి సామాన్ల దగ్గర పెద్దవాళ్లను "ఇది మీ ఇంట్లో ఉండేదా?" అని ఊరికే అడగకండి, "అవును" అని ఊరుకుంటారు. "దీంతో ఎలా పని చేసేవాళ్లు, చేత్తో చూపించండి" అని అడగండి. మా అత్తయ్య ఒకసారి అద్దం అవతలున్న తిరగలి ముందు నిలబడి, గాల్లోనే పిడి పట్టుకుని తిప్పి చూపించారు. కుడిచేత్తో తిప్పుతూ ఎడమచేత్తో గుప్పెడు గుప్పెడు గింజలు వేస్తున్నట్టు. ఎప్పుడు చేయి మార్చుకోవాలో, మోకాలు ఎలా ముడుచుకోవాలో ఆవిడ ఒంటికి ఇంకా గుర్తుంది. మా పెద్దది వెనకే కూర్చుని అలాగే తిప్పింది. అంతలో చిన్నవాడు నోట్‌బుక్ తీసి, "ఇది ఆ మొదటి గదిలో రాయే!" అని అరిచాడు. గార్డు నోటి మీద వేలేసుకుని సైగ చేశారు గానీ ఆయనా నవ్వుతున్నారు. ఆ రోజుకు మేం వెళ్లిన పని అయిపోయింది.

ఈ గదిలో చూడాల్సింది అరుగుదల. పిడి ఏ వైపు ఎక్కువ నున్నబడింది? వాడినవాళ్లది కుడిచేతి వాటమా, ఎడమచేతి వాటమా? పగిలితే అతికించారా? అతికించారంటే అది వాళ్లకు ఖరీదైనది, లేదా ఇంకొకటి కొనే వీలు లేనిది. కొత్తగా మెరిసిపోయే వస్తువు కంటే మాటు వేసిన కుండ ఎక్కువ చెబుతుంది. ప్రతి వస్తువుకూ ఒకటే ప్రశ్న: దీని ముడిసరుకు మనం ముందు చూసిన ఏ గదిలోంచి వచ్చింది? చెక్కయితే ఏ చెట్టు, తోలయితే ఏ జంతువు, మట్టయితే ఏ ఏరు. దూరం నుంచి వచ్చిన వస్తువు కనబడితే (సముద్రం లేని చోట గవ్వల దండ, గనులు లేని చోట ఇనుము) అక్కడ వర్తకం జరిగిందన్నమాట. మొదట్లో చూసిన ఎత్తుపల్లాల నమూనా గుర్తు చేయండి. ఏ దారిన వచ్చి ఉంటుందో పిల్లలే చెబుతారు.

వస్తువు మీద గానీ లేబుల్ మూల గానీ 1962.14.3 లాంటి అంకె ఉంటుంది. చాలా మ్యూజియంలలో దాని అర్థం, 1962లో వచ్చిన పద్నాలుగో సేకరణలో మూడో వస్తువు అని. ఆ ఏడాది నుంచి అది అక్కడే ఉంది, అంతకుముందు ఎవరి ఇంట్లోనో ఉండేది. ఈ లెక్క చెబితే పిల్లలు అంకెల వెంట పడతారు.

పాత ఫొటోల్లో ముఖాలను తర్వాత చూడండి, ముందు మూలలు చూడండి. వెనకున్న కొట్టు, నేల మీద చెప్పులు, చివర సగం తెగిపోయిన మనిషి. తొలి రోజుల్లో ఒక్క ఫొటోకు చాలాసేపు కదలకుండా ఉండాల్సి వచ్చేది, కదిలినవాళ్లు మసకబారిపోయేవాళ్లు. మసకగా ఉన్నది ఎవరు? సాధారణంగా పిల్లలు, కుక్కలు.

ఎవరి వస్తువులు లేవో కూడా అడగాలి. జమీందారు కుర్చీ ఉంటుంది, ఆ కుర్చీ చేసిన వడ్రంగి పేరు ఉండదు. పెద్దింటి పెళ్లిచీర ఉంటుంది, అది నేసినవాళ్ల ఊసు ఉండదు. దాచుకోగలిగినవాళ్ల వస్తువులే మ్యూజియానికి చేరాయి. పదేళ్లు దాటిన పిల్లలకు ఈ సంగతి చెబితే బాగా ఎక్కుతుంది. యుద్ధాలు, కరువులు, మనుషుల ఎముకలు ఉన్న గదులకు చిన్నపిల్లలతో వెళ్లాలా వద్దా అన్నది ముందు ఒకరు వెళ్లి చూసొచ్చి తేల్చుకోండి.

బట్టలు, కాగితాలు ఉన్న గది చీకటిగా ఎందుకుందో పిల్లలు అడుగుతారు. వెలుతురుకు రంగులు వెలిసిపోతాయి, వెలిసినవి మళ్లీ రావు. అందుకే ఇలాంటివాటిపై సాధారణంగా 50 లక్స్‌కు (లక్స్ అంటే వెలుతురు కొలత) మించి వెలుతురు పడనివ్వరు. మామూలు ఆఫీసు గదిలో అంతకు ఆరు నుంచి పది రెట్లు ఉంటుంది. ఫ్లాష్ ఆపేయండి, అద్దంలో మెరుపు తప్ప దానివల్ల ఫొటోకు వచ్చేదేమీ లేదు.

ఈ గదిలో కానీ అంతకుముందు కానీ, ఒక్కచోట పది నిమిషాలు కూర్చుని బొమ్మ గీయండి. పిల్లలు ఒక్కళ్లే కాదు, పెద్దవాళ్లు కూడా. "నాకు రాదు" అనేవాళ్లే ఎక్కువ చూస్తారు. గీస్తుంటేనే తెలుస్తుంది, కుండ మూతికి లోపల వైపు అంచు ఉందని, గుడ్లగూబ కాళ్లకు కూడా ఈకలున్నాయని. వంద ఫొటోలు తీసినా ఇవి కంటబడవు.

తొమ్మిదో అడుగు: ఇంటికొచ్చాక

దారిలో పరీక్ష పెట్టకండి. "ఏం నేర్చుకున్నావ్?" అనగానే పిల్లలు మూగబోతారు. రెండు రోజులాగి, మీకు నచ్చింది మీరు చెప్పండి, వాళ్లదీ బయటికొస్తుంది.

మీ దగ్గర పాత ఫొటోలో పనిముట్లో ఉంటే మ్యూజియం వాళ్లకు చెప్పండి. తీసుకున్నా తీసుకోకపోయినా అది ఏమిటో చెబుతారు. ఎక్కడైనా వింత రాయో ఎముకో కనబడితే ముందు కదపకుండా ఫొటో తీయండి, పక్కన కొలతకు ఒక నాణెం పెట్టి. చోటు రాసుకోండి. శిలాజాలూ పురావస్తువుల విషయంలో చాలా దేశాల్లో చట్టాలున్నాయి, చేతికందింది కదా అని ఇంటికి తెచ్చేయకూడదు. ఆ ఫొటో పంపిస్తే చాలా మ్యూజియంలు అదేమిటో చూసి చెబుతాయి.

ఒక చెప్పుల పెట్టె ఖాళీ చేసి పిల్లలకు ఇవ్వండి. అందులో రాలిన ఈక, గింజ, తాతయ్య కళ్లజోడు, ఏదైనా పెట్టుకోవచ్చు. షరతు ఒక్కటే, ప్రతిదానికీ లేబుల్ ఉండాలి: ఏమిటి, ఎక్కడ, ఎప్పుడు, ఎవరు. మా ఇంట్లో ఆ పెట్టెలో మొదటిది ఒక గులకరాయి. దాని కింద చిన్నవాడి అక్షరాలతో, "రాయి. మెట్ల దగ్గర. ఆదివారం వాన తర్వాత. నేనే."